నేరస్థ తెగల చట్టం

నేరస్థ తెగల చట్టం బ్రిటిషు ప్రభుత్వం 1871లో చేసిన చట్టం. దొంగతనం కొన్ని తెగలకు వంశపారంపర్య వృత్తి అనే అపోహ దీనికి మూలం. 1911లో దీనిని మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. గోరంట్ల అప్పట్లో ఆ రాష్ట్రంలోని అనంతపురం జిల్లాలో ఉండేది.

ఎరుకలవారు లోపలి ప్రాంతాలకు ఉప్పు మోసి ధాన్యానికి మార్చుకునేవారు. రైళ్ళు వచ్చాక ఈ వర్తకం క్షీణించింది. వారి సంచారం అనుమానానికి కారణమైంది. వారిలో పలు సమూహాలను నేరస్థ తెగలుగా ప్రకటించారు. నమోదైనవారు వేలిముద్రలు ఇచ్చి, నిర్ణీత వేళలలో హాజరు కావాలి. నేరం రుజువు కానక్కరలేదు. ఆ తెగలో పుడితే చాలు.

మద్రాసు ప్రభుత్వం 1947లో, భారత ప్రభుత్వం 1952 ఆగస్టు 31న ఈ చట్టాన్ని రద్దుచేశాయి. ఆ తెగలను నేడు విముక్త జాతులు అంటారు.

పుట్టుకను బట్టి అనుమానించడం ఇతర దేశాలలోనూ విమర్శకు గురైంది. అమెరికాలో కొన్ని దుకాణాలలో నల్లజాతీయుల కేశసామగ్రికి తాళం వేసి ఉంచే పద్ధతిని వాల్‌మార్ట్ సంస్థ 2020 జూన్‌లో విడిచిపెట్టింది.