పెళ్లికి అందరూ వెళ్తారు.. అమ్మ మాత్రం ఇంట్లోనే! స్పెషల్ నీడ్స్ పిల్లలున్న ఇంటికి కావాల్సిన అండ ఏంటి?

దగ్గరి చుట్టాలింట్లో పెళ్లి. ఎవరెవరు వెళ్లాలి అనే మాట రాగానే అమ్మ చెప్పే జవాబు ఒకటే.. "మీరు వెళ్లి రండి, నేను బాబుతో ఇంట్లో ఉంటా". బ్యాండ్ మేళం మోగితే వాడు చెవులు మూసుకుని ఏడుస్తాడు. భోజనాల దగ్గర అందరూ తిరిగి చూస్తారు. "ఇంకా మాటలు రాలేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇదంతా పడేకన్నా వెళ్లకపోవడమే మేలని ఆమె ఎప్పుడో డిసైడ్ అయిపోయింది. ముందు పెళ్లిళ్లు మానేసింది, తర్వాత గుడి, ఆ తర్వాత పక్కింటి పేరంటం కూడా.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం.. పేరు ఏదైనా, ఇలాంటి చిన్నారి ఉన్న చాలా ఇళ్లలో జరిగేది ఇదే. బాబుకి థెరపీ ఇప్పిస్తున్నారు సరే. ఆ థెరపీ భారమంతా మోస్తున్న ఇంటి సంగతేంటి? పిల్లాడికి, ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే విషయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

వారానికి 168 గంటలు.. అందులో థెరపీ ఎంత?

వారానికి మూడు నాలుగు సెషన్లు వెళ్లినా, పిల్లలు థెరపిస్ట్ దగ్గర ఉండేది కొన్ని గంటలే. మిగతా సమయమంతా ఇంట్లోనే. అంటే సెంటర్‌లో నేర్పింది నిలబడాలంటే ఇంట్లో అది రోజూ జరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లల కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక శిక్షణ కార్యక్రమం రూపొందించింది. అందులో పిల్లలతో ఎలా ఆడాలి, ఎలా మాట్లాడాలి అన్నదానితో పాటు, చూసుకునేవాళ్లు తమ మానసిక ఆరోగ్యాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా నేర్పుతారు.

ఎప్పుడు అనుమానించాలి? ఎక్కడికి వెళ్లాలి?

ఏడాది వయసు వచ్చినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం.. 16 నెలలకి ఒక్క మాట కూడా రాకపోవడం.. రెండేళ్లకి రెండు పదాలు కలిపి మాట్లాడకపోవడం.. వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. "వాళ్ల నాన్నకి కూడా మాటలు లేటుగానే వచ్చాయి" అని ఏడాది ఆగితే, పోయేది మెదడు వేగంగా ఎదిగే విలువైన సమయం.

ప్రైవేటులో ఖర్చు భరించలేని వాళ్లకి జిల్లా సత్వర చికిత్స కేంద్రాలు ఉన్నాయి. వీటినే డైస్ సెంటర్లు అంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి నడుస్తాయి. అంగన్‌వాడీలకి, ప్రభుత్వ స్కూళ్లకి వచ్చే మొబైల్ టీమ్‌లు అనుమానం ఉన్న పిల్లల్ని ఇక్కడికే పంపుతాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. 1984 నుంచి ఇక్కడ పిల్లలకి పరీక్షలు, థెరపీతో పాటు తల్లిదండ్రులకి గైడెన్స్ కూడా ఇస్తున్నారు.

ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి

అమ్మ 'నీళ్లు' అంటుంది. నాన్న 'వాటర్' అంటాడు. నానమ్మ 'మంచినీళ్లు' అంటుంది. మాటలు కష్టంగా నేర్చుకుంటున్న బాబుకి ఇవి మూడు వేర్వేరు సంగతుల్లా వినిపించొచ్చు. మొదట్లో ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క మాట అనుకుంటే సగం పని అయినట్టే.

ఇంకో చిన్న పని. అడగకముందే అన్నీ అందించొద్దు. ఒక చేతిలో పాలు, ఇంకో చేతిలో మజ్జిగ పట్టుకుని "ఏది కావాలి?" అని అడిగి ఐదు పది సెకన్లు ఆగండి. చూపు అయినా, వేలు అయినా, ఒక శబ్దం అయినా జవాబే. ప్రేమ కొద్దీ నానమ్మే "పాలు కావాలంటున్నాడమ్మా" అని చెప్పేస్తే వాడికి అడగాల్సిన అవసరమే ఉండదు. అందుకే వీలైతే ఒక్క సెషన్‌కైనా నానమ్మని, తాతయ్యని కూడా తీసుకెళ్లండి. థెరపిస్ట్ చెబితే వినేది వేరు, కోడలు చెబితే వినేది వేరు!

తెలుగు మానేయాలా?

"వీడికి రెండు భాషలు కష్టం, ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడండి" అనే సలహా ఇక్కడా వినిపిస్తుంది, అమెరికాలో ఉన్న మనవాళ్లకీ వినిపిస్తుంది. కానీ ఆటిజం ఉన్న పిల్లలకి రెండు భాషలు వినిపించడం వల్ల మాటలు మరింత ఆలస్యం అవుతాయని పరిశోధనల్లో తేలలేదు. పైగా తెలుగు ఆపేస్తే మొదట దూరమయ్యేది వీడియో కాల్‌లో ఉండే అమ్మమ్మే. మీకు సహజంగా వచ్చే భాషలోనే పిల్లలతో మాట్లాడండి.

అమెరికా సంగతి వచ్చింది కాబట్టి ఇంకో విషయం. అక్కడ మూడేళ్ల లోపు పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే సేవలకి రాసే ప్లాన్ పేరులోనే 'ఫ్యామిలీ' అనే మాట ఉంటుంది. పిల్లాడి అవసరాలతో పాటు ఆ ఇంటి అవసరాలు కూడా అందులో రాస్తారు. మన దగ్గర అలాంటి కాగితం లేకపోయినా, ఆ ఆలోచన మనమూ తీసుకోవచ్చు.

అమ్మకి ఆదివారం ఏది?

చాలా ఇళ్లలో అమ్మ ఉద్యోగం మానేస్తుంది. నాన్న థెరపీ ఫీజుల కోసం ఓవర్‌టైమ్ చేస్తాడు. ఇద్దరూ కష్టపడుతూనే ఉంటారు, కానీ ఒకరి కష్టం ఇంకొకరికి కనిపించదు. "నేను సంపాదిస్తున్నా కదా" అనే మాట దగ్గర గొడవ మొదలవుతుంది. దీనికి పెద్ద ఉపాయాలు అక్కర్లేదు. రాత్రి స్నానం, అన్నం నాన్న డ్యూటీ అని ఫిక్స్ చేసుకోండి. వారంలో ఒక పూట అమ్మకి పూర్తిగా సెలవు. ఆ టైమ్‌లో ఆమె నిద్రపోయినా సరే, ఎవరూ లెక్క అడగకూడదు.

ఇక "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా?", "టీవీ ఎక్కువ చూపించావు, అందుకే" అనే మాటలు. ఆటిజంలో జన్యువుల పాత్ర బలమైనది. పెంపకంలో లోపం వల్ల అది రాదు. తప్పు తనదే అనుకుంటూ బతుకుతున్న అమ్మకి ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్లు చెబితే చాలా తేలికపడుతుంది. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ బాధ మీదే వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉన్నారు. "ఆరు నెలల్లో ఆటిజం పూర్తిగా నయం" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే అక్కడే ఆగిపోండి. స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లు ఆటిజానికి నిరూపితమైన చికిత్స కాదు. పొలం అమ్మి మరీ అటు పరిగెత్తొద్దు.

చెల్లికి ఎవరైనా చెప్పారా?

ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే ఆ బిడ్డ చాలా త్వరగా పెద్దదైపోతుంది. హోమ్‌వర్క్ తనే చేసుకుంటుంది, అల్లరి చేయదు, ఏమీ అడగదు. మంచి పిల్ల అని మెచ్చుకుంటాం. లోపల మాత్రం "అన్నయ్యకి ఇలా ఎందుకు? నాకూ వస్తుందా?" అనే భయం ఉండొచ్చు. వయసుకి తగ్గట్టు నిజం చెప్పండి. "అన్నయ్య మెదడు వేరేలా పనిచేస్తుంది, మాటలు కష్టం, నీ తప్పు ఏమీ లేదు" అంటే ఎనిమిదేళ్ల పాపకి అర్థమవుతుంది.

రోజుకి ఒక పావుగంట తనకి మాత్రమే ఇవ్వండి. ఇంకో ముఖ్యమైన మాట.. "మా తర్వాత వాడిని చూసుకోవాల్సింది నువ్వే" అని చిన్నపిల్లతో అనొద్దు. అది పెద్దవాళ్లు ప్లాన్ చేయాల్సిన విషయం.

హక్కుగా వచ్చేవి ఇవీ..

- సర్టిఫికెట్: తెలుగు రాష్ట్రాల్లో 'సదరం'గా అందరికీ తెలిసిన పరీక్ష ఇది. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కోసం స్వావలంబన్ పోర్టల్‌లో అప్లై చేయాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే చాలా పథకాలు వర్తిస్తాయి. "ముద్ర పడుతుంది" అని భయపడి ఆపేస్తే నష్టపోయేది పిల్లాడే.
- పెన్షన్: అర్హత ఉంటే పిల్లలకీ వస్తుంది. తెలంగాణలో 2023 జులై నుంచి నెలకి 4,016 రూపాయలు, ఏపీలో 2024 జులై నుంచి 6,000 రూపాయలు చేశారు.
- చదువు: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. మండలాల్లో ఉండే భవిత కేంద్రాల్లో స్పెషల్ టీచర్లు ఉంటారు. కదలలేని పిల్లలకి ఇంటికే వచ్చి నేర్పే ఏర్పాటూ ఉంది.
- నిరామయ బీమా: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా. కవరేజీ లక్ష రూపాయల వరకు. ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు, థెరపీ ఖర్చుకి కూడా పరిమితి మేరకు క్లెయిమ్ చేసుకోవచ్చు.

"మా తర్వాత వీడి పరిస్థితేంటి?"

అర్ధరాత్రి నిద్ర లేపే ప్రశ్న ఇదే. జవాబు ఒక్కరోజులో దొరకదు, కానీ మొదటి అడుగులు ఉన్నాయి. పిల్లలకి 18 ఏళ్లు నిండితే చట్టప్రకారం మేజర్. సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ దగ్గర గార్డియన్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. తల్లిదండ్రుల్లో ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, సంపాదించుకోలేని దివ్యాంగ బిడ్డకి నిబంధనల మేరకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. బతికుండగానే ఆఫీసు రికార్డుల్లో బిడ్డ వివరాలు రాయించడం మరవొద్దు. చొక్కా గుండీ పెట్టుకోవడం, బాత్రూమ్‌కి సొంతంగా వెళ్లడం.. ఇవాళ నేర్పే ప్రతి చిన్న పనీ ఈ ప్రశ్నకి జవాబులో భాగమే.

చుట్టాలూ.. ఈ మాట మీకే

మళ్లీ పెళ్లి దగ్గరికే వద్దాం. శుభలేఖ ఇచ్చేటప్పుడు "బాబుని కూడా తీసుకురండి, వాడి కోసం మేళానికి దూరంగా ఒక గది ఖాళీగా ఉంచుతాం" అని చెప్పి చూడండి. వాడికి అన్నం కాస్త ముందే పెట్టించండి. తాళి కట్టే పది నిమిషాలు "వదినా, నువ్వెళ్లి అక్షింతలు వేసి రా, వీడిని నేను చూసుకుంటా" అని ఒకరు వాడి పక్కన కూర్చోండి. మాటలు ఇంకా రాలేదా అని అడగొద్దు. వాడికి ఏం ఆట ఇష్టమో అడగండి.

ఇందులో పైసా ఖర్చు లేదు. కానీ నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉండిపోయిన ఆ అమ్మ, ఈసారి పెళ్లికి వస్తుంది.