ముగ్గురితో మొదలైన జ్వరం

మీ హాస్టలులో ఈవేళ ముగ్గురు ఫ్లూ జ్వరంతో పడుకున్నారనుకోండి. అయిదారు రోజుల్లో ఎంతమంది మంచం పడతారో చెప్పగలరా?

1978 జనవరిలో ఇంగ్లండులోని ఒక మగపిల్లల వసతి పాఠశాలలో ఇదే జరిగింది. విద్యార్థులు 763 మంది. 22వ తేదీన పడుకున్నది ముగ్గురే. మర్నాడు 8, ఆ పైన 26, 76, 225! చూశారా, రోజుకు ఇంచుమించు మూడింతలు. ఈ లెక్కన ఏడో రోజుకు 2025 మంది కావాలి. బడిలో అంతమంది ఏరీ?

జబ్బుపడిన వాళ్లను తరగతులు మాన్పించి మంచంలోనే ఉంచారు. మంచి పనే. కాని ఫ్లూతో ఒక చిక్కుంది. జ్వరం బయటపడడానికి ఒక రోజు ముందే వైరస్ పక్కవాడికి అంటగలదు. అందుకే మొత్తం 512 మంది పడకేశారు. అంతకుముందు అక్టోబరులో చాలామందికి ఫ్లూ టీకా వేశారు గాని, అందులో ఈ రకం లేదు.

మరి పిల్లలతో మెలగిన 130 మంది పెద్దల్లో ఒక్కరికే ఎందుకు వచ్చింది? ఇది 1957లో కనుమరుగై, 1977లో తిరిగివచ్చిన హెచ్1ఎన్1 రకం. పెద్దల ఒంటికి అది పాత శత్రువు. పిల్లలంతా 1957 తరువాత పుట్టినవారే.

ఆరో రోజున 298 మంది. అక్కడినుంచి తగ్గుముఖం. వైరస్‌కు కొత్తవాళ్లు దొరకడం కష్టమైంది. తరువాతి అంకెలివి: 258, 233, 189, 128, 68, 29, 14, 4. గ్రాఫు కాగితం తీసి, మొదటినుంచీ చుక్కలు పెట్టి కలపండి. ఎక్కిన వాలు, దిగిన వాలు ఒకేలా ఉన్నాయా?