అరవైకి నలభై

జయనగరంలో సొంత ఇల్లున్నదని చెప్పగానే ఎదుటివారు మమ్మల్ని కాళ్ళ నుంచి తలదాకా ఒకసారి చూస్తారు. పదవ తరగతితో చదువు ముగించి, ఆఫీసులో ఫైళ్ళకు నంబర్లు వేసే గుమాస్తాకు జయనగరంలో ఇల్లేమిటని వారి సందేహం. సందేహం న్యాయమైనదే. ఇల్లు మా సంపాదన కాదు, తాతగారిది. మేము అందులో పుట్టినవాళ్ళము, అంతే. ఆ ఇంటి సంగతి నలుగురిలో చెప్పుకొనదగినదా కాదా అని చాలా రోజులు తటపటాయించినాము. మన పత్రిక వెళ్ళే ఇళ్ళలో అనేకం ఈనాడు బ్రోకర్లు తలుపు తట్టుతున్న ఇళ్ళే కనుక సంకోచం విడిచి వ్రాస్తున్నాము.

లాల్‌బాగు బండమీద కెంపేగౌడల పేరు చెప్పే గోపురం ఉన్నది గదా. ఊరు అటువంటి నాలుగు గోపురాల ఎల్ల దాటి పెరగరాదని పూర్వులు అనుకొన్నారని చెప్పుకొంటారు. ఊరు ఎవరి మాటా వినలేదు. 1898లో ప్లేగు వచ్చి పేటలోని జనం చెదరినప్పుడు బసవనగుడి, మల్లేశ్వరం నిండినవి. 1945లో సిటీ ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు బోర్డు ఏర్పడినది. 1976లో దాని స్థానే బి.డి.ఎ. వచ్చినది. 1948లో, గవర్నర్ జనరల్‌గా ఉన్న రాజాజీ చేతులమీదుగా జయనగరానికి పునాది పడినది. అశోక స్తంభం దానికి గుర్తు. కోలారు జిల్లా నుంచి వచ్చి, కచేరీలో కన్నడం వ్రాస్తూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బ్రతికిన మా తాతగారు, ఆ తరువాత పదేండ్లకు బోర్డువారి సైటు ఒకటి సంపాదించినారు. అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు. 2400 చదరపు అడుగులు. నక్కలు కూసే చోట ఇల్లేమిటని పేటలోని బంధువులు నవ్వినారట. అలా నవ్వినవారి మనుమలే ఇప్పుడు మాకు బిల్డర్ల చిరునామాలు చెప్పుతున్నారు.

ఇంటి ముందు వరండా, వెనుక బావి, బావి పక్కన రెండు కొబ్బరి చెట్లు. ప్రహరీ గోడ రొమ్మెత్తు. ఆ గోడ ఎత్తే ముఖ్యం. కుడివైపు కన్నడ పంతులుగారిల్లు, ఎడమవైపు తంజావూరు అయ్యర్లు. గోడమీదుగా కరివేపాకూ, పెళ్ళి సంబంధాలూ, కొళాయి నీళ్ళ వార్తలూ అన్నీ దాటేవి. శ్రీరామనవమికి మా అవ్వ పానకం వారింటికీ, వారి కోసంబరి మా ఇంటికీ వెళ్ళి వచ్చేవి. మా తెలుగులో సగం కన్నడమేనని బెజవాడ చుట్టాలు నవ్వేవారు. నవ్వనీయండి, ఆ భాషతోనే మూడు తరాలు గడిచినవి.

దసరాకు హాలులో తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు. దానికోసం మా పెద్దత్త చింతామణి నుంచి మహాలయ అమావాస్యకు ముందే దిగేది. అట్టపెట్టెలలోని బొమ్మలు తీసి, పాత పంచె గుడ్డతో తుడిచి పెట్టటం ఆమె పని. ఇంకొకరు ముట్టరాదు. ముట్టితే మేము తిట్లు తిన్నాము కూడా. సాయంత్రం పేరంటానికి వచ్చిన వీథి ఆడపిల్లలు ఎవరికి ఏ భాషలో పాట వస్తే ఆ భాషలో పాడేవారు.

తాతగారు 1991లో పోయినారు, విల్లు వ్రాయలేదు. అవ్వ 2009లో పోయినది. ఇంట్లో మా నాన్నగారు, చిన్నాన్నగారు మిగిలినారు. ఇద్దరత్తలూ అత్తవారిళ్ళలో. వర్షం వస్తే హాలులో మూడు చోట్ల బకెట్లు పెట్టవలసి వచ్చేది. 2017లో మెట్రో రైలు జయనగరం మీదుగా నడవటం మొదలైన తరువాత బ్రోకర్ల రాక ఎక్కువైనది. ఇంటి గోడలవైపు వారు చూడనైనా చూడరు. వాకిట్లో నిలబడి నేలను చూస్తారు. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే లాసన్స్ బే కాలనీలోనూ ఇదే తంతు అని అక్కడి మా బంధువులు అంటారు. బెంగుళూరుకు సముద్రం లేదు గాని, మిగిలినదంతా ఒకటే.

జాయింట్ డెవలప్‌మెంటు అనేది చదువరులలో చాలామందికి తెలిసినదే. స్థలం మనది, కట్టే ఖర్చు బిల్డరుది. తయారైన ఇళ్ళను ఒప్పుకొన్న పాళ్ళలో పంచుకొంటారు. అతని ఇళ్ళతోపాటు వాటికి తగిన భూమి వాటా కూడ అతనికి, అతనినుంచి కొన్నవారికి పోతుంది. మాకు దొరికిన బిల్డరు మొదట సగానికి సగం అన్నాడు. పది నెలలు తిరిగి, చివరకు మాకు అరవై, అతనికి నలభై అని తేలినది. అరవై–నలభై సైటుకు అరవై–నలభై పాళ్ళు, శుభమే గదా అని చిన్నాన్నగారు సంతోషించినారు.

కింద కార్లు నిలిపే చోటు, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకొక ఇల్లు. నాలుగిండ్లలో అరవై శాతమంటే రెండిళ్ళూ, మూడవదానిలో పదింట నాలుగు పాళ్ళూ. ఆ నాలుగు పాళ్ళకు అతను రొక్కం ఇస్తాడు. రెండిళ్ళు అన్నదమ్ములిద్దరికీ సరిపోయినవి. ఈ లెక్క ఎంత సొగసుగా కుదిరినదంటే, అత్తలిద్దరూ అందులో ఎక్కడా లేరన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

తట్టలేదని వ్రాయటం కూడ పూర్తి నిజం కాదు. వారి సంతకం కావాలని బిల్డరు వకీలు చెప్పినాడు. హక్కు విడుదల పత్రం వ్రాయించుకొంటే చాలునన్నాడు. ఆ పత్రం నమూనా తెచ్చి, ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ టైపు చేసినది మేమే. ఒక పట్టుచీర, రెండు కిలోల మైసూరుపాకు, ఆ కాగితం తీసుకొని చింతామణికి బస్సెక్కినది కూడ మేమే. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసి పంపినాము, హక్కు 2005 చట్టంతో వచ్చినది గాని తాతగారి కాలంలో లేదు గదా అన్నది ఇంటిల్లిపాది నమ్మకం.

అత్త కాగితం చదివినది. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టినది. "పండక్కి వస్తే నేను యాడ దిగేది రా?" అన్నది.

మేము జవాబు చెప్పలేకపోయినాము. చీర తీసుకొన్నది, సంతకం చేయలేదు. ఎనిమిది నెలలు చేయలేదు. డబ్బుకు ఆశపడ్డదని మా ఇంట్లో అనుకొన్నారు; ఆ మాట అన్నవారిలో మేము లేమని చెప్పుకొనే ధైర్యం మాకు లేదు. ఆ ఏడు దసరాకు ఆమె రాలేదు. బొమ్మలు పెట్టెలలోనే ఉన్నవి.

ఆఖరుకు బిల్డరుకు సంబంధించని వేరొక వకీలు వద్దకు వెళ్ళినాము. ఆయన చెప్పినది చదువరులు జాగ్రత్తగా గమనించగోరుతాము. 2005 సవరణ ముఖ్యంగా పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కునిచ్చినది. (కర్ణాటకలో పెళ్ళికాని కూతుళ్ళకు 1994లోనే ఆ హక్కు వచ్చినది, ఆంధ్రలో అంతకు ముందే.) మా తాతగారి ఇల్లు స్వార్జితం. విల్లు లేకుండా పోయినవారి స్వార్జితంలో కూతుళ్ళకు కొడుకులతో సమాన వాటా 1956 చట్టం నాటినుంచే ఉన్నది! మగ వారసులు పంచుకోదలచేదాకా ఆడ వారసులు నివాసగృహాన్ని పంచమని అడగరాదని ఒక నిబంధన ఉండేది. 2005లో దానిని తీసివేసినారు. అనగా తాతగారు పోయిన నాడే అత్తలు ఆ ఇంటికి యజమానులు. మేము చీర పెట్టి అడిగినది వారి సొత్తును.

గుమాస్తా పని ఇక్కడ కొంచెం ఉపయోగపడినది. నాలుగు వాటాలకు రెండిళ్ళూ నాలుగు పాళ్ళూ, అనగా ఒక్కొక్కరికి ఇంటిలో పదింట ఆరు పాళ్ళు. అన్నదమ్ములు చెరొక ఇల్లు పూర్తిగా తీసుకొంటే ఇద్దరూ నాలుగేసి పాళ్ళు బాకీ. బిల్డరిచ్చే రొక్కం అత్తలకు చెరి రెండు పాళ్ళు, అన్నదమ్ములు ఇచ్చేది చెరి నాలుగు పాళ్ళు, వెరసి ఆరు. ఒక తెల్లకాగితంమీద ఈ లెక్క వేసి నలుగురి ముందూ పెట్టినాము. నాన్నగారు చాలసేపు చూసి, తన వంతు బాకీకి బ్యాంకు అప్పు మా పేర తీయమన్నారు. ఆ అప్పు కంతులు ఇంకా మా జీతంలోనే కోతపడుతున్నవి. ఈసారి చింతామణికి నాన్నగారే వెళ్ళినారు. అక్కాతమ్ముళ్ళు ఏమి మాట్లాడుకొన్నారో మాకు చెప్పలేదు.

అగ్రిమెంటు విషయంలో ఒక మాట. 2016 రెరా చట్టం ఉన్నది గదా, భయమేమి అని కొందరు అంటారు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనైనా, ఎనిమిది ఇళ్ళకు మించకుండానైనా కట్టే కట్టడాన్ని ఆ చట్టం క్రింద రిజిస్టరు చేయనక్కరలేదు. మన అరవై–నలభై సైటు 223 మీటర్లే! పెద్ద కట్టడాలలో కొనేవారి సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలనే కట్టుబాటు ఇటువంటి చిన్నవాటికి వర్తించదు. కనుక మనకు దిక్కు అగ్రిమెంటే. అది రిజిస్టరై ఉండాలి. ఎవరికి ఏ అంతస్తో, అంతవరకూ అద్దె ఎవరు ఇవ్వాలో, ఆలస్యమైతే నెలకు ఎంతో అందులోనే ఉండాలి. మా ఆలస్యం పదకొండు నెలలు. ఆ షరతు వ్రాసి ఉన్నందువల్లనే అద్దె వచ్చినది, అదీ మూడుసార్లు వెళ్ళి అడిగితే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనిదే కరెంటు, నీరు ఇవ్వరాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్నది గనుక, ఆ కాగితం చేతికి వచ్చేదాకా తాళంచెవులు తీసుకోవద్దని మా సలహా.

బావిని పూడ్చబోతే చిన్నత్త అడ్డుపడినది. 2400 అడుగుల సైటు గనుక వాననీటి ఏర్పాటు ఎటూ తప్పదు. ఆ నీటిని బావిలోకే వదలవచ్చునని ఎవరో చెప్పినారు. పూడిక తీయటానికి బావులు తవ్వే వడ్డర్లు వచ్చినారు. మేము కన్నడంలో బేరమాడుతుంటే వారిలో పెద్దాయన తనవారితో తెలుగులో మాట్లాడినాడు. వారి ఇంటి భాష తెలుగేనట! ఆ తరువాత బేరం మాకు నష్టంగానే ముగిసినది, కాని కాఫీలు రెండుసార్లు తాగినాము.

ఇప్పుడు మేముండేది మూడవ అంతస్తు. ప్రహరీ ఎనిమిది అడుగులు. పంతులుగారి కొడుకుతో మాట్లాడాలంటే ఫోను చేయాలి. నీళ్ళ ట్యాంకరు వచ్చిన నాడు నాలుగిళ్ళవారమూ మెట్లమీద కలుసుకొంటాము. వెనుకవైపు చిన్న గది పెద్దత్తది. దాని తాళంచెవి ఒకటి చింతామణిలో ఉన్నది.

మొన్నటి దసరాకు ఆమె వచ్చి, ఆ గదిలో దిగి, పెట్టెలు విప్పినది. ఈ హాలులో అయిదు మెట్లకంటె పట్టలేదు. మిగిలిన నాలుగు మెట్ల బొమ్మలు మంచి స్థితిలో ఉన్నవి. దశావతారాల వరుస, పెళ్ళి ఊరేగింపు, వాద్యకారులు. కొలువు పెట్టే తెలుగు కుటుంబం ఏదైనా వచ్చి అడిగితే ఇస్తాము, సొమ్ము అక్కరలేదు. మరపాచి బొమ్మల జత మాత్రం ఇవ్వనని వ్రాయమని అత్త చెప్పినది.