పెద్ద వయసులో మూత్రం జారడం: దాచుకుంటే తీరదు, వ్యాయామంతో తగ్గుతుంది

నిఖాకు రమ్మంటే "మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటాను" అనే దాదీలు, నానీలు మనలో చాలామందికి తెలుసు. మోకాళ్ల నొప్పులని చెబుతారు. కొందరి విషయంలో అసలు కారణం వేరు. దగ్గినా తుమ్మినా మూత్రం జారుతుంది. బట్టలు తడుస్తాయేమో, వజూ నిలవదేమో అన్న బెంగతో గడప దాటరు. కన్నకూతురికి కూడా చెప్పుకోరు. వజూ విషయంలో ఇలాంటివారికి షరీఅత్‌లో సడలింపు ఉంది; ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవచ్చు. జబ్బు సంగతి మాత్రం వైద్యులకే చెప్పాలి.

ఈ సమస్య ముఖ్యంగా రెండు రకాలు. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, బిందె ఎత్తినప్పుడు పొట్టలో ఒత్తిడి పెరిగి జారడం ఒకటి. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర కలిగి, బాత్‌రూం చేరేలోపే పడిపోవడం రెండోది. కొందరికి రెండూ ఉంటాయి. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కండరాలు కాన్పుల వల్ల, వయసు వల్ల సడలుతాయి. అధిక బరువు, మానని దగ్గు, మలబద్ధకం వాటిపై మరింత భారం వేస్తాయి.

చేతుల, కాళ్ల కండరాల్లాగే వీటికీ వ్యాయామంతో బలం వస్తుంది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాల గురించి ప్రచురించారు. అందుకే వీటికి ఆయన పేరే నిలిచింది. పద్ధతి ఇది: గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు లోపలి కండరాలను బిగించి పైకి లాగాలి. 5 సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ వదిలేయాలి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు చేయాలి. అలవాటయ్యాక 10 సెకన్ల దాకా పెంచవచ్చు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. దగ్గు వస్తోందనగానే ముందుగా బిగిస్తే జారడం తగ్గుతుంది. కనీసం 3 నెలలు వదలకుండా చేయాలి. చాలామంది వేరే కండరాలు బిగిస్తారు కనుక మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవడం మేలు.

తొందర ఎక్కువగా ఉన్నవారికి బాత్‌రూంకు వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే శిక్షణ ఇస్తారు. భయంతో నీళ్లు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి తొందర ఇంకా పెరగవచ్చు. టీ, కాఫీ తగ్గించాలి. మూత్రంలో రక్తం, మంట కనిపించినా, మూత్రం సరిగా రాకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. షుగరు కూడా పరీక్షించుకోవాలి.

దాతలకు ఒక మనవి. ఈ వ్యాయామానికి యంత్రాలు, ఖరీదైన మందులు అక్కర్లేదు. మన వైద్య శిబిరాల్లో పరదా ఉన్న ఒక గది, తీరిగ్గా మాట్లాడే ఒక మహిళా ఫిజియోథెరపిస్టు ఉంటే ఎందరో తల్లులు నోరు విప్పుతారు. బీపీ, షుగరు పరీక్షల పక్కన దీనికీ చోటు కల్పిద్దాం.