దారిలోనే దొరకు వ్యాయామము

కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట సంపదను గూర్చినది. దేహము విషయమున జరుగునది దీనికి విరుద్ధము. కూర్చుండి తినువాని దేహము కరగదు, పెరుగును. దాని వెంట మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు వచ్చి చేరును. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము, మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. వ్యాయామము చేయవలెనని వైద్యుడు చెప్పగానే, "తీరిక ఎక్కడిది?" అని పలువురు అడుగుదురు. ఆ తీరిక ప్రతిదినము పోయివచ్చు దారిలోనే కలదు.

కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నదికి పడమట, హౌరా నగరమునందు సంత్రాగాఛి కలదు. తెలుగునాటి నుండి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరు రైళ్లు ఈ స్టేషను దాటియే పోవును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండియు ఈ మార్గము వెంబడి తెలుగు కుటుంబములు స్థిరపడుచు వచ్చినవి. ఇచ్చటి ఉద్యోగి దినచర్య ఎట్టిదో గమనింపుడు. ఇంటి నుండి స్టేషనుకు టోటో బండి; రైలులో బల్ల; అటుపై బస్సు; కార్యాలయమున కుర్చీ. దేహము ఎన్నో మైళ్లు ప్రయాణము చేసినను, కాళ్లు మాత్రము కదలవు.

దీనివలన కలుగు నష్టమును జెరీ మోరిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1953లో వెల్లడించిరి. లండనులోని రెండంతస్తుల బస్సులలో, దినమంతయు కూర్చుండు డ్రైవర్లకన్న, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనబడెను. కండక్టర్లకు వేరుగా వ్యాయామశాల అక్కరలేకపోయెను. వారి పనియే వారికి వ్యాయామమయ్యెను.

వయోజనులు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అనగా, దినమునకు 30 నిమిషముల చొప్పున వారమునకు 5 దినములు నడచినను చాలును. ఆ నడక ఒక్క పర్యాయమే సాగనక్కరలేదు. స్టేషనుకు 10 నిమిషములు, కార్యాలయమునకు 10, తిరిగి ఇంటికి 10 నడచినచో లెక్క సరిపోవును. మాటలాడ గలిగియు పాట పాడలేనంత వేగము తగినది.

బస్సును ఒక స్టాపు ముందే దిగవచ్చును. సంచి చేతబట్టి అంగడికి నడచిపోవచ్చును. రాత్రి భోజనానంతరము కొలది నిమిషములు మెల్లగా నడచినను, రక్తములోని చక్కెర అధికముగా పెరుగకుండును. గృహిణులు, వృద్ధులు సంత్రాగాఛి స్టేషను ప్రక్కనున్న ఝీల్ వైపు నడువవచ్చును. శీతకాలమున అచట వ్రాలు వలసపక్షులను, ఈలవేసినట్లు కూయు బాతులను చూచుచు నడచువానికి అలసట తోచదు.

అయితే నడక మేలు చేయవలెనన్న దారి క్షేమకరముగా నుండవలెను. 2018 అక్టోబరు 23న ఈ స్టేషనులోని పాదచారుల వంతెనపై తొక్కిసలాట జరిగి ఇద్దరు మరణించిరి, పలువురు గాయపడిరి. నడచువారికి చాలినంత వెడల్పుగల వంతెనలను, కాలిబాటలను కల్పించుట అధికారుల బాధ్యత. ప్రయాణికులు కొంత ముందుగా బయలుదేరి, రద్దీ తగ్గువరకు ఆగవలెను, పట్టాలు దాటరాదు. శీతకాలపు ఉదయములందు లారీల పొగ నిండిన కోనా ఎక్స్‌ప్రెస్ రహదారిని విడిచి లోపలి వీధులలో నడచుట మంచిది.

నడచునపుడు ఛాతీలో నొప్పి గాని, మితిమీరిన ఆయాసము గాని కలిగినచో వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. మధుమేహము గలవారు చెప్పులు లేక నడువరాదు; ప్రతిరాత్రి పాదములను పరీక్షించుకొనవలెను.

నడకకు ఖర్చు లేదు, పరికరము అక్కరలేదు. రేపటి ఉదయము 10 నిమిషములు ముందుగా ఇల్లు వెడలినవాడు తన ఆరోగ్యమునకు దారి తానే వేసికొనును.