జూదశాల వాకిట గృహిణి మాట

జూదమును గూర్చి మన పూర్వులు రెండు మార్గములు చెప్పియున్నారు. ద్యూతమును రాజ్యమున నుండనీయరాదనియు, రాజు దానిని సమూలముగ తొలగింపవలయుననియు మనువు మతము. కౌటిల్యుడు వేరుదారి త్రొక్కెను. ద్యూతాధ్యక్షుడను నధికారిని నియమించి, జూదమంతయు నొక్కచోటనే జరుగునట్లు చేసి, గెలిచినదానిలో నూటికి 5 వంతులు రాబట్టవలయునని అర్థశాస్త్రమున విధించెను. ఎన్ని శతాబ్దములు గడచినను నేటి ప్రభుత్వములు సయితము ఈ రెండు దారుల నడుమనే తిరుగుచున్నవి.

అయితే ఈ నిషేధములలోను ఈ విధులలోను జూదరి యింటి యిల్లాలికి చోటు దొరకలేదు. కథలు మాత్రము ఆమెను మరువలేదు. నలుడు పుష్కరునితో జూదమాడి వరుసగ నోడుచుండగా దమయంతి మంత్రులను రప్పించెను, భర్తను వేడుకొనెను. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. సర్వస్వమును పోవుట నిశ్చయమని గ్రహించి యామె బిడ్డలనిద్దరను వార్ష్ణేయుడను సారథివెంట విదర్భకు, తన పుట్టినింటికి పంపివైచెను. ఆమెకు చేతనైనది అంతియే. పాచికలను ఆపుటకు ఆమెకు ఏ యధికారమును లేదు. అట్టి దమయంతికి అధికారము కొంత యిచ్చి చూచిన దేశమొకటి మన కాలమున గలదు. అది సింగపూరు. అచటి యేర్పాటులను సోదరీమణులకు తెలుపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

సింగపూరు చిన్న ద్వీపదేశము. చీనీయులు, మలయులు, తమిళులతోపాటు తెలుగు కుటుంబములును అచట కాపురములు చేయుచున్నవి. అచటి ప్రభుత్వము చిరకాలము జూదగృహములను నిషేధించియే యుండెను. చాటుమాటు జూదమును అరికట్టుటకై 1968లో సింగపూరు పూల్సు అను ప్రభుత్వపు లాటరీ సంస్థను మాత్రము నెలకొల్పెను. 2005 ఏప్రిలు 18వ తేదీన ప్రధానమంత్రి లీ సియెన్ లూంగు పార్లమెంటులో లేచి, కేసినోలతో గూడిన రెండు విహారస్థలములకు అనుమతి నీయ నిశ్చయించితిమని ప్రకటించెను. యాత్రికులు వత్తురు, పనులు దొరకును అనునది ప్రభుత్వవాదము. సంసారములు చెడునని పెక్కుమంది ప్రజలు, మతసంఘములవారు వాదించిరి. తుదకు 2006లో కేసినోల నియంత్రణచట్టము వచ్చినది. 2010 ఫిబ్రవరిలో సెంటోసాలోను, ఏప్రిలులో మెరీనాబే తీరమునను కేసినోలు తెరువబడినవి. 2030 చివరివరకు ఈ రెండింటికి తోడు మూడవదానికి చోటులేదు.

తలుపు తెరచిన ప్రభుత్వమే గడపను ఎత్తుచేసినది. 21 సంవత్సరములు నిండనివారిని లోనికి పోనీయరు. ఆ దేశపు పౌరులును స్థిరనివాసులును ప్రవేశమునకు రుసుము చెల్లింపవలయును. మొదట ఇది 24 గంటలకు 100 సింగపూరు డాలరులు. 2019 ఏప్రిలునుండి 150 అయినది. సంవత్సరమంతటికి ఒక్కసారిగ కట్టినచో 3,000 డాలరులు. ఆడువాని పక్షమున జూదశాలవారు ఈ రుసుమును కట్టరాదు. ఈ సొమ్ము ధర్మకార్యములకు పోవును. జూదశాల లోపల బ్యాంకు సొమ్ము తీసికొను యంత్రములుండవు. స్థానికులలో పెద్ద మొత్తము ముందుగ జమకట్టిన ధనవంతులకు దప్ప అప్పుమీద ఆట లేదు. ఓడినవాడు కొంతతడవు బయటికి నడచి రావలయును. ఆ నడకలోనైన బుద్ధి మరలునేమోయని చట్టకర్తల యాశ.

అయినను రుసుమును గూర్చి మాకొక సందేహము గలదు. ధనికునకు అది తలుపు వెల. పేదవానికి, లోనికి పోకముందే తగిలిన నష్టము. ఆ నష్టమును పూడ్చుకొనవలెనని వాడు మరికొంతసేపు కూర్చుండడా? ఇక విదేశీయులకు ఈ రుసుమే లేదు. వేడుక చూడబోయిన మన తెలుగువాడు పాసుపోర్టు చూపి యుచితముగ లోనికి పోవచ్చును. తన చేనికి కంచె వేసికొని పొరుగువాని పశువుల మేతతో లాభమందుట వంటిదిది. ఆ రాజ్యపు నీతిని మెచ్చుకొనువారు దీనిని మరువరాదు.

మేము ముఖ్యముగ చెప్పదలచినది ఈ రుసుమును గాదు. ఆ చట్టములో నిషేధాజ్ఞలని కొన్ని గలవు. మొదటిది తనకుతానై కోరుకొనునది: తన బలహీనత నెరిగినవాడు నన్ను లోనికి రానీయకుడని తానే వ్రాసియిచ్చును. రెండవది చట్టమే విధించునది: దివాలా తీసి విముక్తి పొందనివారికిని, ప్రభుత్వసహాయముతో బ్రదుకువారిలో కొన్ని తెగలవారికిని ఇది వర్తించును. మూడవది కుటుంబము కోరునది. భార్యగాని భర్తగాని, తలిదండ్రులుగాని, బిడ్డలుగాని, తోబుట్టువులుగాని, ఈతని జూదమువలన మేము చెడిపోవుచున్నామని 2005లో ఏర్పడిన జూదవ్యసన నివారణ మండలికి మొరపెట్టుకొనవచ్చును. న్యాయస్థానపు మెట్లెక్కనక్కరలేదు. పరిశీలకుల సంఘమొకటి ఇరుపక్షముల మాటలు వినును. కుటుంబమునకు నిజముగ తీవ్రమైన హాని కలిగినదని తోచినచో ఆజ్ఞ వెలువడును. అవసరమైనచో విచారణ ముగియకమునుపే తాత్కాలికాజ్ఞయు రావచ్చును. ఆపై జూదశాలవారు ఆ మనుష్యుని లోనికి రానీయరాదు. వాకిట గుర్తింపుపత్రమును పరీక్షించుట నిత్యకృత్యము గనుక మొగమాటమునకు తావులేదు.

జీతము తెచ్చువాడే సొమ్మునకు స్వామి, దాని నెట్లు వెచ్చించినను అడుగరాదు, అనునది లోకమున పాతుకొనిన భావము. ఈ చట్టము ఆ భావమును త్రోసివేసినది. ఆడువాని స్తోమతును కొలుచునపుడు వాని చేతిలోని సొమ్మును మాత్రమే గాక, ఇంటివారి యక్కరలను గూడ లెక్కింపవలయును. బడిపంతులు ఇంట నెలజీతముతో సంసారము నడుపు మావంటివారికి దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. బియ్యము, బిడ్డల ఫీజులు, అత్తగారి మందులు పోగా మిగిలినదే ఎవనికైనను తన సొమ్ము. జూదరి మొదట పణముగ పెట్టునది తన సొమ్మును గాదు, ఇంటివారి భాగమును.

అయితే గృహిణి ఈ తలుపు తట్టుట సులభమా? ఇంటిగుట్టు బయటపడునని వెఱపు, భర్తకు ఆగ్రహము కలుగునని భయము, అత్తవారేమందురోయని సంకోచము ఏ దేశమున నైనను గలవు. అందుచేతనే తలిదండ్రులకును తోబుట్టువులకును సయితము ఈ హక్కు నిచ్చుట మంచిపని. కోడలు నోరు విప్పలేనిచోట తల్లి విప్పవచ్చును. తల్లి సంకోచించినచోట అన్న ముందునకు రావచ్చును.

ఇక జూదశాల చేతిఫోనులోనికే వచ్చినపుడు వాకిలి యెక్కడ? గడప యెక్కడ? సింగపూరువారు 2014లో దూరజూదముపై ప్రత్యేకచట్టము చేసిరి. 2015 ఫిబ్రవరినుండి అమలు జరిపిరి. అనుమతి లేని సంస్థల వెబ్‌సైటులను మూయించుట, బ్యాంకులద్వారా వానికి సొమ్ము పోకుండ ఆపుట, వాని ప్రకటనలను నిషేధించుట ఇందలి ఉపాయములు. 2022 ఆగస్టు 1వ తేదీన పాతచట్టములలో పెక్కింటికి బదులుగ నూతనచట్టము అమలునకు వచ్చినది. జూదములన్నింటిని చూచుకొను ఒకే యధికారసంస్థయు ఏర్పడినది. అనుమతి లేని సంస్థతో ఆడినవానికిని 10,000 డాలరులవరకు జరిమానాయో, 6 నెలలవరకు చెరయో, రెండునో పడవచ్చును. ఇంట బంధుమిత్రులు కూర్చుండి పేకాడుకొనుట తప్పుగాదు. ఆన్‌లైనులో ఆడు అదే యాటకు ఆ మినహాయింపు లేదు. సింగపూరు పూల్సు ఆన్‌లైను ఖాతాలకు గూడ కుటుంబపు నిషేధాజ్ఞ వర్తించును. కాని చట్టమునకు లోబడని విదేశపు సంస్థ యేయిల్లాలి మాటను వినును? చట్టపు బలము అచట సన్నగిలుచున్నది.

మన దేశమునకు వత్తము. 1867 నాటి ఆంగ్లేయుల చట్టము జూదగృహములను నేరముగ నెంచినది. రాజ్యాంగము జూదమును రాష్ట్రముల కప్పగించినది. గోవా, సిక్కిములలో కేసినోలు చట్టసమ్మతములు. ఆంధ్రదేశమున 1974 చట్టము జూదమును నిషేధించినను, నేర్పుతో నాడు ఆటలకు మినహాయింపు నిచ్చెను. రమ్మీ నేర్పుతో గూడిన యాటయని మన రాష్ట్రపు వ్యాజ్యములోనే 1968లో సుప్రీంకోర్టు చెప్పియుండెను. ఆ మాటను అడ్డుపెట్టుకొని ఫోనులలో రమ్మీ వ్యాపించినది. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఆ దారి మూయుటకు చట్టములను సవరించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము నేర్పు, అదృష్టము అను భేదమునే తీసివేసి, సొమ్ము పణముగ పెట్టు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. అట్టి యాటలను నడుపువారికి 3 ఏండ్లవరకు చెర, కోటి రూపాయలవరకు జరిమానా విధించినది. ఆడువానిని మాత్రము శిక్షింపలేదు.

మనువు దారియే మనకు మేలని పలువురు సంతసింతురు. మేమును సంతసించుచున్నాము. కాని నిషేధము వ్యాపారిని శిక్షించును. ఇంటిలో నున్న వ్యసనపరుని ఏమి చేయవలయునో చెప్పదు. చాటున ఆట సాగుచున్నయింట, కుటుంబపు మొర విని, అప్పు పుట్టుచోటులను మూయించి, వానిని చికిత్సకు పంపు సంఘమొకటి మనకును ఉండవలయును. సింగపూరునుండి నేర్వదగినది జూదశాలను గాదు, ఆ మొర వినుటను.

అంతవరకు మన చేతిలోనున్నవి కొన్ని గలవు. జీతము పడు బ్యాంకుఖాతా లెక్క ఇల్లాలికి తెలిసియుండవలయును. ఫోనులో అప్పులిచ్చు సంస్థల పిలుపులు, రాత్రివేళ విడువని ఆట, కారణము చెప్పని చేబదుళ్లు కనబడినచో ఉపేక్షింపరాదు. జూదవ్యసనము దుర్బుద్ధి మాత్రమే గాదు, చికిత్సకు లొంగు వ్యాధియని వైద్యులు చెప్పుచున్నారు. ప్రభుత్వమువారి టెలిమానస్ ఫోను 14416నకు పిలిచి ఉచితముగ సలహా పొందవచ్చును. అన్నింటికంటె ముందు, పుట్టినింటివారికో నమ్మదగిన పెద్దలకో విషయము చెప్పవలయును. ఇంటిగుట్టు దాచుట మంచిదే. కాని బిడ్డల కూడు పణమునకు పోవుచుండగా దాచినది గుట్టు గాదు.