ఇంట నిర్మించు విమానమునకు అద్దపుకప్పు అమర్చుట



మన వరంగల్లు చెంతనున్న మామునూరులో నిజాము ప్రభుత్వకాలమున, 1930 లో, విమానాశ్రయము వెలసినది. 1981 వరకు అచ్చట విమానములు వ్రాలుచుండెను. కావున మన ప్రాంతపు పెద్దలకు విమానము వింత గాదు. కాని గృహస్థుడొకడు తన కొట్టములో స్వహస్తములతో విమానమును నిర్మించుకొనునన్న మాత్రము వింతగనే తోచును. అమెరికాదేశమున నిది చట్టసమ్మతమైన వ్యాసంగము. పనిలో సగమునకు మించిన భాగము ఔత్సాహికులే చేసియుండవలెనని అచటి నియమము. ఇట్టివారికై పాల్ పోబెరెజ్నీ 1953 లో నొక సంఘమును స్థాపించెను.

ఈ నిర్మాణములో మిక్కిలి ఓర్పు కోరు ఘట్టము, చోదకుని తలపై నుండు అద్దపుకప్పును చట్రమున కమర్చుట. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

అద్దమని పిలిచినను ఇది గాజు గాదు. ఆక్రిలిక్ అను పారదర్శక పదార్థము. బరువులో గాజున సగముండును. వేడి చేసినచో బుడగవలె వంగును. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు విమానముల కప్పులు పగిలి, ఆ ముక్కలు కొందఱు చోదకుల కన్నులలో నాటుకొనెను. అవి లోననే యుండియు కంటికి వాపు పుట్టింపకుండుట హెరాల్డ్ రిడ్లీ యను లండను వైద్యుడు గమనించి, 1949 లో ఆ పదార్థముతోనే కటకము చేయించి, శుక్లము తీసిన కంటిలో నిలిపెను. నేడు మనలో పలువురి చూపును నిలుపుచున్న కంటికటకములకు మూల మిదియే.

ఇట్టి పదార్థమునకు నొక దోషము గలదు. ఎచ్చట గీత గాని గరుకు అంచు గాని యున్నదో, అచ్చట బీట పుట్టి ప్రాకును. చలిలో నిది మఱింత పెళుసగును. అందుచే వెచ్చని తావుననే కోయుదురు. రంపపు పండ్లు పట్టి లాగును గనుక, తిరుగుడు సానచక్రముతో కోసి, అంచును గరుకుకాగితముతో నునుపు చేయుదురు. మామూలు బరమా మొన దీనిని కొఱికి లోనికి దూకును. కావున గీకుచు దిగునట్టి మొననే వాడుదురు.

మొదట చట్రము విమానదేహముపై చక్కగా కుదురవలెను. వంకరచట్రముపై కప్పును బలిమితో వంచి మరలు బిగించినచో, ఆ బలిమి కప్పులోననే దాగియుండి యొకనాడు బీటయై బయటపడును. అందుచే కప్పు నుంచి, గుర్తు పెట్టి, తీసి, కొంచెము కోసి, మరల నుంచి చూడవలెను. ఇట్లు పలుమాఱులు చేయవలసినదే.

ఇక వేడిమి సంగతి. కమ్మరి ఇనుపపట్టాను కాల్చి బండిచక్రమునకు తొడిగి నీరు పోయగా, అది ముడుచుకొని బిగియును. అచ్చట మేలుచేయు నా ధర్మమే యిచ్చట కీడు చేయును. మన పుష్యమాసపు వేకువకును రోహిణికార్తె మధ్యాహ్నమునకును సుమారు 30 డిగ్రీల భేదముండును. అంతమాత్రమునకే మీటరు పొడవుగల ఆక్రిలిక్ 2 మిల్లీమీటర్లు సాగును. చట్రపు ఉక్కుగొట్టము అందులో ఆఱవవంతు మాత్రమే సాగును. ఒకటి కదలగోరగా రెండవది కదలనీయకున్నచో మరచుట్టును పగులు తప్పదు. కావున కప్పులోని రంధ్రమును మరకంటె పెద్దదిగా చేసి, మరను నదిమి బిగింపక నిలుపుదురు.

గడియల విషయమున నిట్టి సడలింపు పనికిరాదు. విమానము వేగముగ పోవునపుడు కప్పుమీది గాలి పరుగుచే పైని ఒత్తిడి తగ్గి, కప్పు పైకి లేవజూచును. పెనుగాలికి పూరికప్పు లేచుట మన మెఱిగినదే. అందుచే బలమైన గడియయు, దానికి తోడు మఱియొకటియు నుండుట మేలు. ఒకవేళ ఆకాశమున కప్పు తెఱచుకొన్నను చోదకుడు దానికై చేయి చాపక, ముందు విమానమును నిలకడగా నడిపి దింపవలెనని శిక్షకులు బోధింతురు.

మరకు చోటిచ్చుట, గడియను బిగించుట, ఈ రెంటి భేదము నెఱిగి చేసిన కప్పే చోదకుని ప్రాణమునకు రక్ష. మన వడ్రంగులును కమ్మరులును ఎఱిగిన విద్యయే యిది. వస్తువు మాత్రమే క్రొత్తది.